రాజు వదిలిన ఆంబోతులు

పూర్వం మన పల్లెల్లో పెద్దవాళ్ళు ఎవరైనా పోతే, వారి పేర ఒక కోడెదూడకు అచ్చు వేసి ఊరిమీదికి వదిలేవారు. శాస్త్రం దానికి వృషోత్సర్జనం అని పేరు పెట్టింది. ఆ దూడను ఎవరూ కట్టెయ్యకూడదు, కాడికి పూన్చకూడదు, చేలో పడితే అదిలించాలే తప్ప దెబ్బ వెయ్యకూడదు. 'అచ్చోసిన ఆంబోతు' అన్న తిట్టు అక్కడినుంచే వచ్చింది. ఊరికి ఒక్క ఆంబోతు ఉంటేనే భాషలో ఒక తిట్టు నిలిచిపోయింది. మరి ఒక దీవిలోని ప్రతి ఆవుకూ, ప్రతి ఎద్దుకూ, ప్రతి దూడకూ రాజే అభయమిచ్చి వదిలేస్తే? పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవిలో 1790లలో ఇంచుమించు అదే జరిగింది. పూలదండ చుట్టిన టోపీతో గుర్రమెక్కే అక్కడి పశుకాపరుల చరిత్ర గుర్రంతో మొదలు కాదు, ఆ ఆంబోతులతో మొదలవుతుంది.

హవాయి దీవుల్లో అన్నిటికన్నా పెద్దది, మిగతా దీవులకు తన పేరు ఇచ్చినది ఈ హవాయి దీవి. పటం మీద అడ్డంగా గీత గీస్తే మన ఆదిలాబాదుకు కాస్త అటూ ఇటూగా అదే అక్షాంశం. కానీ తీరాన కొబ్బరిచెట్లు ఊగుతుంటే, మధ్యలో 13,796 అడుగుల మౌన కేయా శిఖరం మీద చలికాలంలో మంచు పడుతుంది. ఆ కొండకూ కొహాలా కొండలకూ నడుమ, సుమారు 2,700 అడుగుల ఎత్తున, అరకులోయ కన్నా కొంచెం తక్కువ ఎత్తులో, వైమేయా అనే పచ్చిక మైదానం ఉంది. అక్కడ ఒంటిని కోసే గాలితో కలిసి వచ్చే సన్నటి చల్లని వానకు హవాయి భాషలో ప్రత్యేకంగా ఒక పేరుంది, కీపువుపువు అని. వానకు పేరు పెట్టుకున్న ఆ జనానికి పశువుకు మాత్రం పేరు లేదు, ఎందుకంటే వాళ్ళు పశువును చూడలేదు. వేల మైళ్ళ సముద్రం దాటి వచ్చిన వాళ్ళ పూర్వులు పడవల్లో తెచ్చుకున్నవి పందులు, కుక్కలు, కోళ్ళు, అంతే.

1793 ఫిబ్రవరిలో బ్రిటిష్ నౌకాధికారి జార్జ్ వాంకూవర్ కాలిఫోర్నియా తీరంలోని స్పానిష్ స్థావరం నుంచి కొన్ని పశువులను, గొర్రెలను ఓడలో వేసుకుని వచ్చాడు. ఇతడు ఆ దీవులకు కొత్తవాడు కాదు. 1779లో కెప్టెన్ కుక్ కెయాలకెకువా రేవులో చనిపోయిన నాడు ఆ ఓడల మీద ఉన్న కుర్ర అధికారుల్లో ఒకడు. అతని కానుక అందుకున్న కమేహమేహా కూడా ఆనాడు ఆ తీరాన ఉన్న యువ దొరల్లో ఒకడే. మధ్యలో పద్నాలుగేళ్ళు గడిచాయి. ఒకడు నౌకాయాత్రకు నాయకుడయ్యాడు, ఇంకొకడు దీవికి రాజయ్యాడు. ప్రయాణంలో మేత, నీరు చాలక పశువులు నిలబడలేనంత నీరసించాయి, కొన్ని చచ్చాయి. మరుసటి ఏడాది వాంకూవర్ మళ్ళీ కొన్నిటిని తెచ్చి దింపాడు.

ఈ కానుకలో స్వార్థం లేకపోలేదు. పసిఫిక్ దాటే ఓడలకు తాజా మాంసం దొరికే మజిలీ కావాలి. మంద పెరగాలంటే కొంతకాలం ఎవరూ ముట్టుకోకూడదు. వాంకూవర్ సలహా మీద కమేహమేహా పదేళ్ళపాటు పశువుల మీద 'కపు' విధించాడు. కపు అంటే నిషేధం అని చెప్పేస్తే సరిపోదు. అది దైవం పేర, రాజు పేర వేసిన కట్టడి. మీరితే ప్రాణం పోవచ్చు. రాజు ఆజ్ఞకు పెట్టుకున్న గడువు పదేళ్ళే అయినా, పశువుల మీద రాజుకు తప్ప మరెవరికీ హక్కు లేదన్న భావన ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది.

జనం ఆ జంతువుకు మొదట పెట్టుకున్న పేరు 'పువాఅ పిపి'. పువాఅ అంటే పంది. పిపి అంటే ఇంగ్లీషువాళ్ళ 'బీఫ్'. హవాయి భాషలో బకారం లేదు, ఫకారం లేదు, సకారమూ లేదు. హల్లులు మొత్తం ఎనిమిదే. పైగా ఏ మాటా హల్లుతో ముగియకూడదు, రెండు హల్లులు పక్కపక్కన నిలవకూడదు. తెలుగును అజంత భాష అని మనం గొప్పగా చెప్పుకుంటాం. హవాయి భాష ముందు మనది వదులు కట్టుబాటే. స్టేషనును టేసను చేసిన నోటికి ఆ భాష చేసే పని కొత్తగా తోచదు. ఈ కథలో బయటినుంచి వచ్చిన ప్రతిదీ, పశువు, గుర్రం, మనిషి, ముందు ఆ నోట్లో పడి నలిగి, ఆ తర్వాతే దీవికి సొంతమైంది.

అసలు కష్టం పదేళ్ళలోపే మొదలైంది. పులి లేదు, తోడేలు లేదు, చంపే మనిషీ లేడు. మేత ఉంది, నీరు ఉంది. పొడుగు కొమ్ముల ఆ పశువులు కొండల్లోకి పోయి అడవిజాతిలా మారిపోయాయి. చిలగడదుంప పాదుల్ని తొక్కాయి, చేమ మడుల్ని మేశాయి, గడ్డి కప్పిన ఇళ్ళ కప్పులను కూడా పీకి తిన్నాయి. కొమ్ము దెబ్బకు మనుషులూ పోయారు. 1830ల్లో దీవి పాలకుడిగా ఉన్న కువాకిని కోనా తీరాన పశువులు, పందులు కిందికి రాకుండా రాతిగోడను కట్టించాడు. సుమారు ఆరు మైళ్ళ పొడవు, మనిషి ఛాతీ ఎత్తు. ఇవాళ కూడా ఆ గోడ ముక్కలు చూడవచ్చు. మన ఊళ్ళలో తప్పు చేసిన పశువును దొడ్లో పెడతారు. అక్కడ పశువులను బయట వదిలేసి మనుషులే గోడ వెనక ఉండవలసి వచ్చింది.

అడవి పశువుల్ని పట్టడానికి తొలినాళ్ళ ఉపాయం గోతులు. నీటి మడుగులకు పోయే దారిలో లోతుగా గొయ్యి తవ్వి, పైన కొమ్మలు, గడ్డి పరిచేవారు. 1834 జులై 12న మౌన కేయా వాలులో అలాంటి ఒక గోతిలో ఒక ఎద్దు, దాని కింద ఒక మనిషి శవం కనిపించాయి. ఆ మనిషి డేవిడ్ డగ్లస్, స్కాట్లండుకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు, వయసు 35. ఉత్తర అమెరికా అడవుల నుంచి ఎన్నో మొక్కలను ఐరోపాకు పరిచయం చేసినవాడు. డగ్లస్ ఫర్ అనే ప్రసిద్ధమైన చెట్టుకు ఆ పేరు ఇతనిదే. తన కుక్క తోడుగా కొండ దాటుతూ, ఆ ఉదయమే దారిలో ఒక పశువుల వేటగాడి గుడిసె దగ్గర ఆగాడు. ఆ వేటగాడు ఒకప్పుడు ఆస్ట్రేలియాకు ద్వీపాంతర శిక్ష పడ్డ ఖైదీ. డగ్లస్ పొరపాటున పడ్డాడా, ఎవరైనా తోశారా అన్న అనుమానం అప్పుడే పుట్టింది, ఇప్పటికీ తీరలేదు. ఆ చోటును స్థానికులు 'కలువకౌక' అన్నారు, అంటే డాక్టరు గొయ్యి.

గుర్రం వచ్చింది పశువులు వచ్చిన పదేళ్ళకు. 1803 వేసవిలో విలియం షేలర్, రిచర్డ్ క్లీవ్‌లాండ్ అనే ఇద్దరు అమెరికన్ వర్తకులు 'లీలియా బర్డ్' ఓడలో కాలిఫోర్నియా నుంచి గుర్రాలను తెచ్చారు. కవైహాయే రేవులో ఒక ఆడగుర్రాన్ని దించి, రాజుకు సలహాదారుగా స్థిరపడ్డ జాన్ యంగ్ అనే ఇంగ్లీషు నావికుడికి అప్పగించారు. మిగతా గుర్రాలను మావీ దీవిలోని లహైనాకు తీసుకుపోయి కమేహమేహాకు చూపించారు. జనం విరగబడి చూశారు. ఓడవాడొకడు ఎక్కి తోలితే నోళ్ళు వెళ్ళబెట్టారు. రాజు మాత్రం ఒక చూపు చూసి ఊరుకున్నాడని, సంతోషం లాంటిదేదీ కనబరచలేదని క్లీవ్‌లాండ్ తన అనుభవాల్లో రాసుకున్నాడు. పశువుల కానుక అప్పటికే ఏం చేస్తున్నదో చూసినవాడు కొత్త నాలుగుకాళ్ళ కానుకను చూసి పొంగిపోకపోవడం నాకు వివేకంగానే కనిపిస్తుంది. ఏమైతేనేం, గుర్రానికి 'లియో' అన్న పేరు స్థిరపడింది, అరవై డెబ్బై ఏళ్ళు తిరిగేసరికి గుర్రం లేని ఇల్లు అరుదైంది.

మధ్యలో తుపాకీ కాలం ఒకటి నడిచింది. మసాచుసెట్స్ నుంచి వచ్చిన జాన్ పామర్ పార్కర్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు 1809లో ఓడ దిగి వెనక్కి ఎక్కలేదు. తర్వాత ఒకసారి సముద్రం మీదికి వెళ్ళి, కొత్తరకం తుపాకీతో తిరిగివచ్చాడు. అడవి పశువులను కాల్చడానికి కమేహమేహా అతనికి అనుమతి ఇచ్చాడు. రాజవంశానికి చెందిన కిపికనే అనే స్త్రీని అతను పెళ్ళాడాడు. తోలు, కొవ్వు, ఉప్పు పట్టిన మాంసం రేవుకు చేరితే కొనడానికి ఓడలు సిద్ధంగా ఉండేవి. 1819 తర్వాత తిమింగలాల వేట ఓడలు ఆ దీవులకు రావడం మొదలై, 1840లకు ఏటా వందల సంఖ్యకు చేరాయి. ఒకప్పుడు రాజుకు ఎగుమతి ఆదాయమంటే చందనం. చందనపు చెట్లు నరికి నరికి తరిగిపోతున్న కాలంలో పశువుల తోలు ఆ ఖాళీని కొంత పూడ్చింది.

కానీ తుపాకీతో చంపిన పశువు అక్కడికక్కడే పడిపోతుంది. రేవు చాలా దూరం, దారి లావా రాళ్ళ మయం. చచ్చిన ఎద్దును మోసుకురావడం కన్నా బతికిన ఎద్దును నడిపించుకు రావడం మేలు. అడవి ఎద్దును ప్రాణంతో పట్టి, లొంగదీసి, మందలో కలిపి, తోలుకురావడం ఒక విద్య. ఆ విద్య దీవిలో ఎవరికీ రాదు. అందుకే మూడవ కమేహమేహా హయాంలో, 1830ల మొదట్లో, కాలిఫోర్నియాకు కబురు వెళ్ళింది. అప్పటికి ఆ ప్రాంతం స్పెయిన్ చేతినుంచి జారి మెక్సికోలో భాగమైంది, కానీ అక్కడి పశుకాపరులు మాట్లాడేది స్పానిష్. వాళ్ళను వకేరో అనేవారు. స్పానిష్‌లో వాకా అంటే ఆవు. ముగ్గురు వకేరోలు గుర్రాలతో, జీనులతో, తోలుతాళ్ళతో వైమేయాకు వచ్చారని దీవి సంప్రదాయం చెబుతుంది. వాళ్ళు 'ఎస్పాన్యోల్' అని చెప్పుకున్నారు. సకారం ఊడింది, పక్కపక్కనున్న హల్లులు విడిపోయాయి, చివర అచ్చు చేరింది: పనియోలో. భాష పేరు మనిషి పేరైంది. తర్వాత ఆ పని చేసే ప్రతివాడూ, హవాయివాడైనా, పోర్చుగీసువాడైనా, జపానువాడైనా, పనియోలోనే. అదే స్పానిష్ పశుకాపరి అమెరికా నేలమీద నెవాడా పచ్చికల్లో ఇంగ్లీషు నోట పడి, వకేరో కాస్తా బక్కరూ అయ్యాడు.

'కౌబాయ్' అనగానే తెలుగువాళ్ళకు 1971 నాటి 'మోసగాళ్ళకు మోసగాడు', గుర్రం మీద కృష్ణ గుర్తుకు రావడం సహజం. ఆ సినిమాకు మూలమైన హాలీవుడ్ ఊహ టెక్సాస్ ఎడారిది, తుపాకీది, ఒంటరి మనిషిది. దాని చారిత్రక పునాది 1867 తర్వాత టెక్సాస్ నుంచి కాన్సాస్ రైలు స్టేషన్లకు సాగిన పశువుల తోలకం. అప్పటికి వైమేయాలో పనియోలోలు ఒక తరం గడిచి రెండో తరంలో ఉన్నారు. దీన్ని పట్టుకుని 'అమెరికాలో తొలి కౌబాయ్‌లు మావాళ్ళే' అని హవాయిలో కొందరు చెప్పుకుంటారు. నేను దాన్ని ఒప్పుకోను. 1830ల్లో హవాయి అమెరికా కాదు, తనకు తాను రాజ్యం. పైగా కాలిఫోర్నియా వకేరోలు అంతకన్నా పాతవాళ్ళు. పనియోలో ఎవరికన్నా ముందువాడో వెనకవాడో తేల్చడం కన్నా, అతను ఒక రాజ్యం తన తప్పును దిద్దుకునే ప్రయత్నంలో పుట్టినవాడని గుర్తిస్తే కథ నేరుగా అర్థమవుతుంది. తండ్రి కట్టడి వేసి వదిలిన పశువులను పట్టడానికి కొడుకు మనుషులను పిలిపించాడు.

వచ్చిన విద్య వచ్చినట్టు ఉండిపోలేదు. వకేరోల తాడు పచ్చితోలుతో పేనినది. హవాయిలో దాన్ని 'కౌల ఇలి' అన్నారు; కౌల అంటే తాడు, ఇలి అంటే తోలు. ఒక చర్మాన్ని గుండ్రంగా చుట్టూ కోస్తూ పోతే తెగకుండా పొడవాటి వారు వస్తుంది. అలాంటి వారులను నానబెట్టి, సాగదీసి, నాలుగు పేటలుగా అల్లి, కొవ్వు పట్టించి మెత్తబరిచేవారు. మంచి తాడు తయారు కావడానికి వారాలు పట్టేది. తండ్రి అల్లిన తాడును కొడుకు దాచుకునేవాడు. జీనును స్థానికమైన చెక్కతో చేసి, మేకులు తక్కువగా వాడి, పచ్చితోలు వారులతో బిగించి కట్టేవారు. వానలో నానినా విడిపోకుండా ఉండటానికి. జీను ముందుకొమ్మును లావుగా, ఎత్తుగా చెక్కేవారు, తాడు బిగిసినప్పుడు ఎద్దు బరువంతా పడేది దానిమీదే కనుక. టోపీని లౌహాలతో, అంటే మొగలి ఆకుతో అల్లేవారు. మన కోస్తాలో పాముల భయంతో దూరంగా చూసే మొగలిపొదకు అది దగ్గరి చుట్టం. టోపీ చుట్టూ పూలదండ. కొండమీద ఎర్రటి లెహువా పూలు కనబడితే దిగి కోసి, స్వారీ చేస్తూనే దండ అల్లుకునేవారట. హాలీవుడ్ కౌబాయ్ టోపీకి ఎవరూ పూలు పెట్టలేదు.

అడవి ఎద్దును పట్టే పద్ధతిలో అందరికన్నా తెలివైన పాత్ర మనిషిది కాదు, గుర్రానిదీ కాదు. తెల్లవారుజామున ఎద్దులు అడవిలోంచి పచ్చికలోకి వచ్చే వేళ కాపు కాసి, వెంటపడి, కొమ్ములకు ఉచ్చు వేసేవారు. దాన్ని దగ్గరున్న చెట్టుకు బిగించి కట్టి, ఆ రాత్రికి వదిలేసి పోయేవారు. గింజుకుని గింజుకుని ఎద్దు అలిసేది. మర్నాడు ఒక సాధు ఎద్దును తెచ్చి, దాని మెడకు ఈ అడవి ఎద్దును జతగా కట్టేవారు. సాధు ఎద్దుకు తెలిసినది ఒకటే, ఇంటి దారి. అది తాపీగా దొడ్డివైపు నడిచేది, పక్కది ఈడ్చుకుంటూ, కుమ్ముకుంటూ, చివరికి అడుగులో అడుగు కలుపుతూ వెంట వచ్చేది. కొత్త కోడెను మరపడానికి పాత ఎద్దుతో జత కట్టే మన రైతుకు ఈ ఉపాయం విప్పి చెప్పనక్కర్లేదు.

వకేరోలు పోతూ పోతూ ఇంకొకటి వదిలిపోయారు, గిటారు. రాత్రి నెగడు చుట్టూ వాళ్ళు వాయించింది హవాయివాళ్ళు విన్నారు. వాయిద్యం మిగిలింది, దాన్ని శ్రుతి చేసే పద్ధతి చెప్పేవాళ్ళు మిగల్లేదు. అందుకని తీగలను వదులు చేసి, ఏ మెట్టూ నొక్కకుండా మీటినా ఒక స్వరసంగతి పలికేలా తమ చెవికి తోచినట్టు శ్రుతి చేసుకున్నారు. దాని పేరు 'కీ హోఅలు', వదులు శ్రుతి అని అర్థం. ఎవరి కుటుంబానికి వారి శ్రుతి. బయటివాళ్ళు వస్తే తీగలు సడలించి గిటారు పక్కన పెట్టేవారట. గాబీ పహినుయి 1946లో రికార్డు ఇచ్చేదాకా ఆ సంగీతం ఎక్కువగా అరుగులు దాటి బయటికి రాలేదు.

స్త్రీల స్వారీ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఐరోపా, అమెరికా దొరసానులు పంతొమ్మిదో శతాబ్దమంతా గుర్రం మీద రెండు కాళ్ళూ ఒకవైపు వేసి, పక్క జీను మీద మెలితిరిగి కూర్చునేవారు. హవాయి స్త్రీలు ఆ మర్యాదను పట్టించుకోలేదు. మగవాళ్ళలాగే చెరోవైపు కాలు వేసి ఎక్కారు. విందుకు వేసుకునే మంచి బట్ట దుమ్ము కొట్టుకోకుండా పైన పొడవాటి గుడ్డను నడుముకూ కాళ్ళకూ చుట్టుకున్నారు. దాని పేరు 'పాఊ'. పది గజాల గుడ్డకు కుట్టు లేదు, పిన్ను లేదు. మడతల్లో కుకుయి గింజలు దోపి బిగించేవారు. కచ్చపోసి చీర కట్టే చేతులకు ఆ నేర్పు విలువ తెలుస్తుంది. శనివారం మధ్యాహ్నాలు హొనొలులు వీధుల్లో ఈ స్త్రీలు రంగురంగుల పాఊలు గాలికి ఎగురుతుంటే దౌడు తీయడం ఊరికి ఒక వేడుక. 1866లో వచ్చిన మార్క్ ట్వేన్ కూడా ఈ దృశ్యం గురించి రాశాడు.

1873లో ఇసబెల్లా బర్డ్ అనే ఇంగ్లీషు యాత్రికురాలు ఈ దీవులకు వచ్చింది. నలభై దాటిన మనిషి, చిన్ననాటినుంచి నడుంనొప్పి. పక్క జీను మీద కూర్చుంటే ఆ నొప్పి భరించలేకపోయేది. హవాయి స్త్రీలను చూసి తనూ మెక్సికన్ జీను మీద చెరోవైపు కాలు వేసి కూర్చుంది. ఆ తర్వాత అగ్నిపర్వతాల అంచుల దాకా, వరద పొంగే వాగుల గుండా ఆమె చేసిన స్వారీలను చదివితే నడుంనొప్పి మనిషని ఎవరూ అనుకోరు. 1875లో అచ్చైన ఆమె పుస్తకం ఆ కాలపు హవాయి గుర్రపు జీవితానికి మనకున్న మంచి సాక్ష్యాల్లో ఒకటి. ఇవాళ జూన్ 11న కమేహమేహా దినోత్సవ ఊరేగింపుల్లో పాఊ రౌతులు దీవికొక రాణి చొప్పున వస్తారు. హవాయి దీవికి ఎర్ర లెహువా, మావీకి గులాబి, ఒఆహుకు పసుపుపచ్చ ఇలిమా, మొలొకాయికి ఆకుపచ్చ కుకుయి.

ఇక కవైహాయే. వైమేయా నుంచి పది పన్నెండు మైళ్ళ దిగువన ఉన్న ఈ రేవు ఎండకు మాడే రాతినేల. అమ్మకానికి పోయే పశువులను ఎండ తగలకుండా రాత్రిపూట తోలుకొచ్చి తీరాన దొడ్లో ఉంచేవారు. స్టీమరు లోతు నీళ్ళలో లంగరు వేసి ఉండేది. అది ఆనుకోవడానికి గట్టు లేదు. తెల్లవారాక అసలు పని. ఒక్కొక్క పనియోలో ఒక్కొక్క ఎద్దుకు ఉచ్చు వేసి, గుర్రాన్ని దౌడు తీయించి, ఆ ఊపులోనే అలల్లోకి దూకేవాడు. ఎద్దు ఆగేలోపు, తిరగబడేలోపు నీళ్ళు తేల్చెయ్యాలి. గుర్రం ఈదుతూ పడవ పక్కకు చేరేది. పడవవాళ్ళు తాడు అందుకుని, ఎద్దు తల నీటిపైన నిలిచేలా కొమ్ములను పడవ అంచుకు కట్టేవారు. ఇటు నాలుగు, అటు నాలుగు చొప్పున కట్టాక పడవను స్టీమరు దాకా తెడ్లు వేసుకుంటూ పోయేవారు. అక్కడ ఒక్కొక్క పశువు పొట్టకింద వెడల్పాటి పట్టీ వేసి, కప్పీతో గాలిలోకి లేపి, కాళ్ళు కొట్టుకుంటుండగా ఓడమీదికి దింపేవారు. ఈ పనికి అన్ని గుర్రాలూ పనికిరావు. అల ముఖం మీద విరిగినా బెదరనివాటిని ఏరి, సముద్రానికే ప్రత్యేకంగా మరిపేవారు. ఇరవయ్యో శతాబ్దం సగందాకా నడిచిన ఈ దృశ్యం పనియోలో వృత్తికి అసలైన గుర్తు అంటాను. సముద్రంలో ఈదుతూ పశువును తోలే కాపరి టెక్సాస్ కథల్లో ఎక్కడా తగలడు.

భూమి సంగతి క్లుప్తంగానే చెప్పి ముందుకు పోవచ్చు. 1848లో 'మాహెలె' అనే భూపంపకంతో, అంతకుముందు రాజు, దొరలు, రైతులు కలిసి అనుభవించిన నేల సొంత ఆస్తిగా విడిపోయి అమ్మకాలకు వచ్చింది. సాధారణ జనానికి దక్కింది స్వల్పం. పార్కర్ అంతకు ముందు ఏడాదే, 1847లో, మౌన కేయా వాలున రెండెకరాలు పది డాలర్లకు పుచ్చుకున్నాడు. భార్య రాజవంశపు సంబంధం, కొనుగోళ్ళు, కౌళ్ళు కలిసి ఆ రెండెకరాలు ఇరవయ్యో శతాబ్దానికి లక్షల ఎకరాల పార్కర్ రాంచ్ అయ్యాయి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా మెరీన్లు పసిఫిక్ పోరుకు అక్కడే శిబిరం వేసుకున్నారు. ఆ కుటుంబంలో ఆఖరి యజమాని రిచర్డ్ స్మార్ట్ 1992లో పోతూ, ఆస్తిని వైమేయా ప్రజల వైద్యానికి, చదువులకు ధర్మనిధిగా రాసిపోయాడు. ఇప్పుడది సుమారు 1,30,000 ఎకరాలు.

హవాయి రాణి లిలియువోకలాని 1893లో సింహాసనం కోల్పోయింది. 1898లో దీవులను అమెరికా కలుపుకుంది. సరిగ్గా పదేళ్ళకు, 1908 ఆగస్టులో, ముగ్గురు పనియోలోలు వయోమింగ్ రాష్ట్రం షయెన్‌లో దిగారు. అమెరికా కౌబాయ్‌ల అతిపెద్ద పోటీ అక్కడి ఫ్రాంటియర్ డేస్. వీళ్ళను పంపిన ఎబెన్ లో అనే ఆయన తానూ గొప్ప పనియోలో. పశువును పట్టే పనిలోనే తాడు చుట్టుకుని ఎడమచెయ్యి పోగొట్టుకున్నవాడు. గుర్రాలను సముద్రం దాటించలేక అక్కడే అరువు తెచ్చుకున్నారు. తెలియని గుర్రం, కొత్త నేల, పూలదండల టోపీలను వింతగా చూసే జనం. పోటీ ఏమిటంటే పరిగెత్తే ఎద్దుకు ఉచ్చు వేసి, పడగొట్టి, గుర్రం దిగి, మూడు కాళ్ళు కట్టాలి. ఇకువా పర్డీ అనే వైమేయావాడు 56 సెకన్లలో కట్టి ప్రపంచ విజేత అయ్యాడు. ఆర్చీ కావువాకు మూడో స్థానం, ఎబెన్ తమ్ముడు జాక్ లోకు ఆరో స్థానం. గెలిచినవాడు రాజ్యం పోయిన జనం మనిషి, జాన్ పార్కర్ వంశంలోనివాడు కూడా. వార్త దీవులకు చేరాక పాటలు పుట్టాయి. ఒక పాటలో వయోమింగ్ 'వయోమినా' అయింది. ఎస్పాన్యోల్‌ను పనియోలో చేసిన నోరే అది. పర్డీ తర్వాత మావీలోని ఉలుపలకువా రాంచ్‌కు పోయి, 1945లో చనిపోయేదాకా అక్కడే పశువుల మధ్య గడిపాడు. 1999లో ఓక్లహోమా సిటీలోని రోడియో ప్రముఖుల జాబితాలో అతని పేరు చేర్చారు. వైమేయాలో ఎద్దుకు ఉచ్చు వేస్తున్న అతని కంచు విగ్రహం ఉంది.

ఈ గౌరవం పక్కనే మరో లెక్క ఉంది, దాన్ని దాటవేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు. గిట్టలున్న మేతజంతువులు లేని నేలలో పెరిగిన చాలా చెట్లకు ముళ్ళూ లేవు, చేదూ లేదు, తమను కాపాడుకునే సాధనమేదీ లేదు. పశువులు మొలకలను తిన్నాయి, గొర్రెలు బెరడు గీకాయి, అడవి కొండ పైకి పైకి జరిగిపోయింది. వాగులు ఎండుతున్నాయని మొదట గగ్గోలు పెట్టినది ప్రకృతి ప్రేమికులు కాదు, నీళ్ళు లేనిదే బతకలేని చెరకు తోటల యజమానులు. వాళ్ళ ఒత్తిడితోనే 1903లో అటవీ రక్షణ చట్టం వచ్చింది, కంచెలు లేచాయి. మౌన కేయా మీద మామనే చెట్ల గింజలు తిని బతికే పసుపుతల పిట్ట ఒకటుంది, పలీలా. 1970ల చివర ఆ పిట్ట పేరునే వాదిగా పెట్టి, తన చెట్లను తినేస్తున్న అడవి గొర్రెలను, మేకలను తొలగించాలని ఫెడరల్ కోర్టులో దావా వేశారు. 1979లో తీర్పు పిట్టకు అనుకూలంగా వచ్చింది. వాంకూవర్ ఓడ దించినవాటిలో గొర్రెలూ ఉన్నాయని మొదటే చెప్పాను.

వైమేయాలో పనియోలోలు ఇప్పటికీ ఉన్నారు. మందలను గుర్రాల మీదా తోలుతారు, మోటారు బళ్ళ మీదా తోలుతారు. దీవిలో పశువులను పూర్తిగా బలిపించి కోయడం గిట్టుబాటు కాక, చాలా దూడలను పాలు మానాక అమెరికా నేలకు పంపేస్తారు. హవాయివాళ్ళు తినే గొడ్డుమాంసంలో ఎక్కువ భాగం అక్కడినుంచే వస్తుంది. ఇప్పుడు ఈదే గుర్రాలు అక్కర్లేదు, కవైహాయేలో లోతైన ఓడరేవు కట్టారు. గాలి ఆడే కిటికీలు కోసిన ఇనుప పెట్టెల్లో, మేత తొట్లతో, నీటి గొట్టాలతో దూడలను ఎక్కించి, రెండు వందల ఏళ్ళ కిందట తొలి మంద బయల్దేరిన పడమటి తీరానికి ఓడలో తిరిగి పంపుతున్నారు.